కాలువ బంగళా కథకురాలు కోటిరత్నం గారు

1986 జూలై 14వ తేదీ, సోమవారం ఉదయం, సింగరాయకొండలోని నీటిపారుదల శాఖ సెక్షన్ కార్యాలయంలో కోటిరత్నం గారు జూనియర్ అసిస్టెంటుగా విధుల్లో చేరారు. అప్పటికి ఆమె ఇరవైరెండేళ్ళ యువతి. చేతిలో నియామకపు ఉత్తర్వు, సంచిలో అన్నం క్యారేజీ, క్యారేజీ కింద సగం చదివిన చారిత్రక నవల. ఉత్తర్వును అధికారికి అందించి, క్యారేజీని బల్ల కింద పెట్టి, నవలను మాత్రం సొరుగులో భద్రంగా దాచుకున్నారని ఆనాటి సహోద్యోగులు నేటికీ ముచ్చటగా చెప్పుకుంటారు. ఆ సొరుగుతో మొదలైన ఉద్యోగ జీవితం ఈ సెప్టెంబరు 30న, చిలకలూరిపేటలోని మన కార్యాలయంలో సూపరింటెండెంటు హోదాలో, సగౌరవంగా పరిసమాప్తమవుతున్నది. ఆమె శాఖకు చేసిన సేవ దస్త్రాల్లో ఉంది. రాసిన ఏడు నవలలు పాఠకుల ఇళ్ళలో ఉన్నాయి. ఈ రెంటికీ నడుమ, పుస్తకం చేతబట్టి పదిమందిని చుట్టూ కూర్చోబెట్టుకున్న ఒక మనిషి ఉన్నారు. ఆ మనిషిని గురించి నాలుగు మాటలు చెప్పుకోవడమే మన శాఖ పత్రికలో ఈ వ్యాసం ఉద్దేశం.

పర్చూరు ప్రాంతంలో పొగాకు, మిరప పండించే రైతు కుటుంబంలో జన్మించిన కోటిరత్నం గారికి చదువు అబ్బింది బడిలోనే అయినా, చదివినదాన్ని గురించి మాట్లాడే విద్య అబ్బింది మాత్రం సింగరాయకొండ బస్టాండు పక్కన. అక్కడ బుల్లయ్య గారనే పెద్దాయన అద్దె పుస్తకాల దుకాణం నడిపేవారు. రోజుకు పావలా అద్దె. చదివేసి పుస్తకం బల్లమీద పెట్టి వెళ్ళబోతే ఆయన ఒప్పుకునేవారు కాదు.

"చదివి ఊరకే ఇచ్చిపోతే ఎట్టా అమ్మాయ్? ఎట్టుందో చెప్పి పో," అనేవారు.

"బాగుందండీ."

"బాగుందని అందరూ చెప్తారు. ఆ రాణి కోట తలుపు తీసింది చూడు, నువ్వైతే తీసేదానివా?"

తీసేదాన్నో కాదో తేల్చుకునే సరికి ఆమె ఎక్కవలసిన బస్సు వెళ్ళిపోయేది. మరుసటి బస్సు వచ్చేదాకా వాదన సాగేది. కోటలు, ముట్టడులు, మాయమైన రాజకుమారులు, పాడుబడిన దేవిడీల్లో గజ్జెల చప్పుళ్ళు... బుల్లయ్య గారి దుకాణంలో ఆమె ఇష్టంగా తీసుకున్నవన్నీ చరిత్ర నవలలు, దెయ్యాల నవలలు, ఆ రెండు రకాలే. నవల చదవడం ఒక ఆనందమైతే, చదివినదాన్ని మరొకరి ముందు పరిచి, విప్పి, తిరగేసి చూడటం దానికి రెండింతల ఆనందమని ఆమె అక్కడ గ్రహించారు. ఆ గ్రహింపే ముప్పైతొమ్మిదేళ్ళు ఆమెను నడిపించింది.

వివాహానంతరం ఆమెకు దాచేపల్లి బదిలీ అయింది. సిమెంటు కర్మాగారాల ధూళి కిటికీ ఎంత బిగించినా ఇంట్లోకి వచ్చే ఊరు అది. పుస్తకం తీసిన ప్రతిసారీ పైట చెంగుతో అట్ట తుడవవలసి వచ్చేది. ఆ రోజుల్లోనే, తెల్లవారుజామున పొయ్యి వెలిగించక ముందు దొరికే కాస్త వ్యవధిలో, ఆమె స్వయంగా రాయడం ప్రారంభించారు. జిన్నింగు మిల్లులో సూపర్వైజరుగా పనిచేసిన వారి శ్రీవారు బాలకోటయ్య గారు ఆమె తొలి శ్రోత. ఆయన సహృదయులు, సాహసికులు. కాని దెయ్యాల ప్రకరణాలను మాత్రం పట్టపగలు, వీధి తలుపు తీసి ఉంచి, కుమార్తె శ్రీరమ్యను పక్కన కూర్చోబెట్టుకుని తప్ప వినేవారు కారు. "మా ఆవిడ రాతకి అంతకంటే మెప్పుదల ఏముంది?" అని ఆయనే నవ్వుతూ చెప్తుంటారు.

2004లో కోటిరత్నం గారు చిలకలూరిపేటలోని మన కార్యాలయానికి సీనియర్ అసిస్టెంటుగా వచ్చారు. అంతవరకూ మన దగ్గర మధ్యాహ్న భోజన విరామమంటే ఎవరి బల్ల దగ్గర వారు క్యారేజీ విప్పుకోవడం, తిన్నాక రహదారి మీద పోయే పత్తి లారీలను చూస్తూ కునికిపాట్లు పడటం. ఆమె వచ్చిన నెలలోపే వెనుక వరండాలోకి రెండు బెంచీలు చేరాయి. బెంచీల మీదకు క్యారేజీలు, క్యారేజీల మధ్యకు పుస్తకాలు చేరాయి.

ఆ వరండా సభలో ఇద్దరిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఒకరు అసిస్టెంటు ఇంజనీరు నాగేంద్రబాబు గారు. చారిత్రక నవలలో ఒక్క తేదీ తప్పినా ఆయనకు అన్నం సహించదు. రెండవవారు రికార్డు అసిస్టెంటు సిలార్ గారు. కథలో దెయ్యం రావడం ఆలస్యమైతే ఆయన టీ తాగి వస్తానని లేచిపోతారు.

"చరిత్ర నవల్లో దెయ్యం ఏందండీ మేడమ్? శాసనం ఉండాలి, సాక్ష్యం ఉండాలి," అని నాగేంద్రబాబు గారు ఒకనాడు నిలదీశారు.

"చరిత్ర అంటే ఏమనుకుంటున్నారు బాబుగారూ?" అన్నారు కోటిరత్నం గారు పెరుగన్నం కలుపుకుంటూ. "పోయినవాళ్ళు మనతో మాట్లాడటమేగా! కొందరు శాసనంలోంచి మాట్లాడతారు, కొందరు తలుపు చాటునుంచి మాట్లాడతారు. శాసనం చెక్కించుకోలేని వాళ్ళు ఏం చేస్తారు మరి?"

ఆ రోజుకు నాగేంద్రబాబు గారు క్యారేజీ సర్దుకుని లేచారు. కాని ఊరుకునే మనిషి కూడా కారు. కొండవీటి రాజ్యం చివరి రోజులను గురించి ఆమె రాసిన 'కొండ దిగిన దివిటీ' నవల రాతప్రతిని అడిగి తీసుకువెళ్ళి, మర్నాడు వరండాలోకి విజయగర్వంతో వచ్చారు.

"మేడమ్, మీ సైనికుడు కోట గోడమీద కూర్చుని పండుమిరప పచ్చడి నంజుకుంటన్నాడు. మిరపకాయ మన దేశానికి ఓడలెక్కి వచ్చింది ఆ తరవాత! అప్పుడు ఎక్కడిదండీ?"

కోటిరత్నం గారు చేతిలో ముద్ద చేతిలోనే ఉండగా నిర్ఘాంతపోయారు. మిరప కల్లాల మధ్య పుట్టి పెరిగిన ఆమెకు మిరపకాయ లేని కాలం ఒకటి ఉండేదన్న ఊహే రాలేదు. ఆ రాతప్రతి నిండా వెతికి మిరపకాయలన్నీ ఏరివేసి మిరియాలు వేయడానికి ఆమెకు చాలా ఆదివారాలు పట్టింది. "గుంటూరు జిల్లాలో కూర్చుని మిరపకాయ లేని పచ్చడి రాయడం కంటే కష్టమైన పని నా జన్మలో చేయలేదు," అని ఆమె ఆ నవల ఆవిష్కరణ సభలో బహిరంగంగా చెప్పి, నాగేంద్రబాబు గారిని వేదిక మీదకు పిలిచి తొలి ప్రతి ఆయన చేతికే ఇచ్చారు. తప్పు పట్టినవారిని ఆత్మీయులుగా భావించడం ఆమె స్వభావం.

ఇక, ఆమెను ఎరిగిన వారందరూ తప్పక తలుచుకునే సంఘటన 2018లో జరిగింది.

మన పరిధిలో, నాగులవరప్పాడు అనే గ్రామం దగ్గర, కాలువ మలుపులో పాత తనిఖీ బంగళా ఒకటి ఉంది. సాగరు కాలువ తవ్విన రోజుల్లో ఇంజనీర్ల కోసం కట్టినది. పచ్చరంగు తలుపులు, ఎత్తయిన కప్పు, వరండాలో రాతి అరుగు. సామాన్ల తనిఖీకి అక్కడికి వెళ్ళిన కోటిరత్నం గారికి ఆ స్థలం మనసుకు పట్టుకుంది. తిరిగి వచ్చి 'కాలువ బంగళా' అనే నవల ప్రారంభించారు. కాలువ తవ్వకానికి కూలికి వచ్చిన సుబ్బులు అనే స్త్రీ, గట్టు విరిగిపడి, నీళ్ళు వదలక ముందే మరణిస్తుంది. ఆ తరవాత ఆమె మిట్టమధ్యాహ్నం వేళ బంగళా వాకిట్లో నిలబడి, వచ్చినవారిని ఒకే ఒక్క మాట అడుగుతుంది: "నీళ్ళొచ్చాయా?" విన్నవారు వెనుదిరిగి చూడకుండా పరుగెత్తుతారు. నవల ఒక వారపత్రికలో ధారావాహికగా వెలువడుతూ విశేష ఆదరణ పొందింది. ఊరి పేరు మార్చారు గాని, పచ్చ తలుపులు, రాతి అరుగు, కాలువ మలుపు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

జూన్ నెలలో ఒక మధ్యాహ్నం, వరండా సభ జోరుగా సాగుతుండగా, ఆ బంగళా కాపలాదారు ఇమ్మానియేలు భార్య ఆదెమ్మ గారు ఎండన పడి మన కార్యాలయానికి వచ్చారు. ఎవరో పాఠకురాలు అభినందించడానికి వచ్చారనుకుని కోటిరత్నం గారు నవ్వుతూ లేచారు. ఆదెమ్మ గారి ముఖంలో నవ్వు లేదు.

"అమ్మగారూ, మీరు రాసింది కథేనని మాకు తెలుసు. మేం ప్రార్థన చేసుకుని పడుకునేవాళ్ళం, మాకేం భయం లేదు. ఊళ్ళోవాళ్ళకి ఎవురు చెప్పాల?" అన్నారు. "మా అమ్మాయి ఫెబా బంగళా వరండాలో కుట్టుమిషను పెట్టుకుంది. జాకెట్టు గుడ్డలిచ్చేవాళ్ళు ఇప్పుడు ఒక్కరు రావట్లా. ఇచ్చినవాళ్ళు గేటవతల నించుని, బయటికి విసిరెయ్యి అంటన్నారు. ఆ పిల్ల అన్నం తినట్లా. దెయ్యమింటోళ్ళని మాకు పేరు పడింది. మా ఆయన బదిలీ పెట్టుకుంటా అంటన్నాడు."

కోటిరత్నం గారు ఆమెను కూర్చోబెట్టి, తన క్యారేజీలోది వడ్డించి తినిపించారు. తాను మాత్రం ఆ రోజు ముద్ద ముట్టలేదు. లోకాన్ని భయపెట్టగలిగానని అంతవరకూ మురిసిపోయిన రాతే ఒక ఆడపిల్ల నోటి దగ్గరి కూడు తీసేసిందన్న బాధ ఆమెను కుదిపేసింది.

"ఇదంతా కల్పితమని పత్రికలో ఓ ప్రకటన వేయించండి మేడమ్," అని నాగేంద్రబాబు గారు సూచించారు.

"ప్రకటన వేస్తే ఇంకా నమ్ముతారు సార్," అన్నారు సిలార్ గారు. "ఏం లేకపోతే ప్రకటన ఎందుకేస్తారు అంటారు."

"ప్రకటనా వద్దు, ఏం వద్దు. నేనే వెళ్తాను," అన్నారు కోటిరత్నం గారు.

ఆ ఆదివారం ఉదయం వరండా సభ యావత్తూ రెండు ఆటోల్లో నాగులవరప్పాడు తరలివెళ్ళింది. నవల రాసినావిడ వచ్చిందని తెలిసి ఊళ్ళోవాళ్ళు బంగళా గేటు దాకా వచ్చారు. పచ్చ తలుపుల వరకు మాత్రం రాలేదు. కోటిరత్నం గారు రాతి అరుగు మీద కూర్చున్నారు. పక్కన ఫెబాను కూర్చోబెట్టుకున్నారు. సుబ్బులు తాను పుట్టించిన మనిషని, అటువంటి స్త్రీ ఎవరూ లేరని, ఈ ఇంటివాళ్ళను దూరం పెట్టడం న్యాయం కాదని అందరికీ వినిపించేలా చెప్పారు.

గేటు దగ్గర కర్ర ఊతంగా నిలబడిన ఒక వృద్ధ రైతు అడ్డంగా తల ఊపారు.

"మీరు పుట్టియ్యడమేందమ్మా? ఈ కాలవ తవ్వేటప్పుడు మట్టి కింద పడి పోయినోళ్ళు నిజంగానే ఉన్నారు. మా నాయన కళ్ళారా చూశాడు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కూలోళ్ళు. పేర్లు ఎవురికి తెలుసు?"

ఊహ అనుకుని తాను పట్టుకున్న కొసకు ఆవల ఒక నిజమైన మరణం ఉందని కోటిరత్నం గారికి ఆ క్షణంలో తెలిసింది. లేదని ఎలా అంటారు? అంటే ఆ పేరులేని వాళ్ళను రెండోసారి పూడ్చినట్టే. చెప్పదలచుకున్నవన్నీ మానేశారు. తరవాత, వరండాలో మనల్ని అడిగినట్టే ఆ ఊరివాళ్ళనూ అడిగారు.

"అయితే మీరే చెప్పండి. ఆమె ఎందుకు వస్తున్నట్టు?"

ఆ ప్రశ్నతో గేటు దగ్గరి జనంలో కదలిక వచ్చింది. పగతో వస్తుందని ఒకరు, గట్టు సరిగా వేయించని మేస్త్రీ కోసమని ఒకరు, బిడ్డను వదిలి పోయింది కనుక బిడ్డ కోసమని ఒక తల్లి. వాదించుకుంటూ, ఒకరి మాటకు ఒకరు అడ్డుపడుతూ, తమకు తెలియకుండానే వాళ్ళు గేటు దాటి లోపలికి వచ్చేశారు. సిలార్ గారు ఒక పక్షం, నాగేంద్రబాబు గారు మరో పక్షం. సభ రంజుగా సాగుతుండగా, అందరికీ మజ్జిగ పోస్తున్న ఆదెమ్మ గారు చేతిలో గ్లాసుతో ఆగారు.

"ఏందో, ఎవురికి వాళ్ళు చెప్తన్నారు. ఆ మనిషి నోరు తెరిచి అడుగుతానే ఉందిగా, నీళ్ళొచ్చాయా అని! కథ మొత్తం మీద ఒక్కరన్నా జవాబు చెప్పారా? అంతా పరిగెత్తేవాళ్ళేనాయె. నేనైతే, వచ్చాయమ్మా, ఇదిగో తాగు అని చెంబిస్తా. దప్పికన్న మనిషికి నీళ్ళియ్యడానికి భయమెందుకు?"

కోటిరత్నం గారు పైటతో కళ్ళు ఒత్తుకున్నారు.

బంగళాకు శాశ్వతంగా తాళం పడటంతో నవల ముగుస్తుందని ఆమె అప్పటికే నిర్ణయించుకుని, ముగింపు రాసి పంపించి ఉన్నారు. ఆ సాయంత్రమే సంపాదకులకు ఫోను చేసి, చివరి ప్రకరణాలు వెనక్కి తీసుకుని, మళ్ళీ రాశారు. కొత్త ముగింపులో కాపలాదారు భార్య కాలువ నుంచి చెంబుడు నీళ్ళు ముంచి తెచ్చి, "వచ్చాయి తల్లీ, ఊళ్ళన్నీ పండుతున్నాయి, తాగు," అంటుంది. సుబ్బులు తాగుతుంది. చెంబు కింద పెట్టి, గట్టు వెంబడి, నీళ్ళు పారే వైపు నడిచి వెళ్ళిపోతుంది.

ఆ ప్రకరణం అచ్చయిన వారం, సిలార్ గారు పత్రిక పట్టుకుని వెళ్ళి బంగళా వరండాలో ఊరందరికీ చదివి వినిపించారు. ఆ ఆగస్టులో కాలువకు నీళ్ళు వదిలారు. నీరు మలుపు తిరిగిన రోజున, బంగళా దగ్గర గట్టుమీద నిలబడిన ఆడవాళ్ళలో ఒకావిడ గట్టిగా, "వచ్చాయమ్మా!" అని పిలిచిందట. మిగతావాళ్ళు నవ్వలేదు, వాళ్ళూ పిలిచారు. మర్నాడు ఒక ఇల్లాలు రెండు జాకెట్టు గుడ్డలు తీసుకుని గేటు దాటి వచ్చి ఫెబా మిషను పక్కనే కూర్చుని కొలతలిచ్చింది. డిసెంబరు వచ్చేసరికి క్రిస్మసు బట్టలకు ఆ పిల్లకు చేతినిండా పని. ఇమ్మానియేలు గారు బదిలీ మాట మళ్ళీ ఎత్తలేదు. దీని గురించి ఎవరైనా మెచ్చుకోబోతే కోటిరత్నం గారిది ఒకటే మాట: "దెయ్యాన్ని తేవడం నాకు చేతనయింది. సాగనంపడానికి ఊరంతా కావలసి వచ్చింది." పుస్తకరూపంలో వచ్చిన 'కాలువ బంగళా' ఆదెమ్మ గారికే అంకితం.

సూపరింటెండెంటుగా పదోన్నతి పొందిన తరవాత కూడా ఆమె దస్త్రం పట్టిన తీరు, నవల పట్టిన తీరు ఒకటిగానే ఉండేవి. కాగితం వెనుక మనిషిని చూడనిదే ఆమె సంతకం చేసేవారు కారు. మరణించిన ఉద్యోగుల కుటుంబ పింఛను కాగితాలు ఏ బల్లమీదా ఆగకుండా ఆమె స్వయంగా వెంట నడిపించిన సందర్భాలు ఈ సంచిక చదివే ఎన్నో కుటుంబాలకు అనుభవైకవేద్యం.

2022లో ఆమెకు కంటి శస్త్రచికిత్స జరిగింది. కొంతకాలం అక్షరం వైపు చూడరాదని వైద్యులు ఆంక్ష పెట్టారు. ఉద్యోగంలో ఎన్నడూ దిగులు చూపని మనిషి, సెలవు ముగించుకుని నల్ల కళ్ళద్దాలతో వరండాలోకి వచ్చి, మూసి ఉన్న పుస్తకం అట్టను వేళ్ళతో తడుముతూ కూర్చుంటే చూసినవారికి గుండె చెరువైంది. ఆ మర్నాటి నుంచి ఆమెకు చదివి వినిపించే బాధ్యత వరండా సభ వంతులవారీగా తీసుకుంది. సిలార్ గారు చదివితే తలుపు కిర్రుమనడం దగ్గర గొంతు తగ్గేది, కేక దగ్గర పక్క గదిలోని వాళ్ళు ఉలిక్కిపడేవారు. నాగేంద్రబాబు గారు చదివితే పేజీకి రెండు అభ్యంతరాలు వచ్చేవి. "చదవండి బాబుగారూ, తరవాత పోట్లాడుకుందాం," అని ఆమె బతిమాలేవారు. చూపు చక్కబడి ఆమె మళ్ళీ స్వయంగా పుస్తకం తెరిచిన రోజున మన కార్యాలయంలో మిఠాయిలు పంచింది ఎవరో కాదు, ఆ అభ్యంతరాల నాగేంద్రబాబు గారే.

ఈ సంచిక పనిమీద ఆమెను కలిసినప్పుడు, "రిటైరయ్యాక ఏం చేస్తారు మేడమ్?" అని అడిగాం.

"చదువుతా," అన్నారు. "ఇంట్లో ఆయన దెయ్యాలకు భయపడతారు. శ్రీరమ్యకు ఉద్యోగం. చదివాక ఎవరితో పోట్లాడను? ఒంటిగంటకల్లా ఇక్కడికే వస్తా. మీ క్యారేజీలో కూర నాకూ కాస్త ఉంచండి. గేటు దగ్గర మాత్రం, ఏం పనిమీద వచ్చారమ్మా అని అడిగారో, ఊరుకోను."

ఎవరూ అడగరు. ఆ వరండాకు, ఆ బెంచీలకు విరమణ వయసు లేదు. ఉత్తమ ఉద్యోగిగా, సహృదయ పాఠకురాలిగా, తెలుగు పల్లెల్లో పేరులేని వారికి గొంతునిచ్చిన నవలా రచయిత్రిగా మన మధ్య వెలుగొందిన శ్రీమతి కోటిరత్నం గారికి, వారి కుటుంబ సభ్యులకు సహోద్యోగులందరి హృదయపూర్వక అభినందనలు. చదవడానికి చూపు, రాయడానికి చేయి, వాదించడానికి గొంతు, ఎదుట కూర్చుని కాదనడానికి నలుగురు మనుషులు ఆమెకు జీవితాంతం కొరవడకూడదని, ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని మనసారా ఆకాంక్షిస్తున్నాం. అక్టోబరు మూడు, శుక్రవారం, మధ్యాహ్నం ఒంటిగంటకు కోటిరత్నం గారి కోసం కూర ఉంటుంది. పుస్తకం వారు తెచ్చుకోవాలి.

— సహోద్యోగుల పక్షాన,
సైమా, సీనియర్ అసిస్టెంటు